పని తగ్గిన రోజుల్లో సంస్థాగత అభివృద్ధి ఎందుకు? చిన్న యూనిట్‌లో ఎక్కడ మొదలెట్టాలి? (పలాస వైపు జీడి యూనిట్)

పిక్కలబస్తా:

అందరికీ నమస్కారం. పలాస–కాశీబుగ్గ పక్క ఒక జీడిపప్పు యూనిట్‌లో అడ్మిన్, హెచ్‌ఆర్ రెండూ నా మీదే. మొత్తం 140 మంది. కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ అంతా ఆడవాళ్లే, కిలో లెక్కన కూలి. బాయిలింగ్, డ్రయర్, లోడింగ్ మగవాళ్లు, రోజు కూలి. నలుగురు సూపర్‌వైజర్లు, వాళ్ల కింద మేస్త్రులు.

పిక్కల (తొక్కతో ఉన్న జీడిగింజల) ధర పైకి, పప్పు ఆర్డర్లు కిందకి. వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులైంది. తమాషా ఏమిటంటే, పని లేని రోజుల సంగతి అటుంచితే, పని ఉన్న రోజు కూడా జనం రావడం లేదు. చేతులు కాలడం, కోసుకోవడం పెరిగింది. గుండు (విరగని పప్పు) తగ్గి బద్ద, ముక్క ఎక్కువవుతున్నాయి. "ఫేట్రీ మూసెత్తారంట కదా" అని గేటు దగ్గర రోజూ వినబడుతోంది. ఒక సూపర్‌వైజర్ మానేశాడు, ఇంకొకాయన మానేసేలా ఉన్నాడు.

సంస్థాగత అభివృద్ధి (ఓడీ), అంటే సంస్థ నడిచే తీరుని ప్రణాళికతో బాగుచేసుకోవడం, మొదలెడదామని ఓనర్ గారికి చెప్పాను. "ముందు బతికి బట్టకడదాం, అవన్నీ లాభాలొచ్చాక" అన్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను. అడిగేది ఇదీ: సంక్షోభంలో ఇది నిజంగా అవసరమా? కన్సల్టెంట్‌కి డబ్బులివ్వలేం, మరి ఏ వరసలో చెయ్యాలి? ఎక్కడ బెడిసికొడుతుంది?

సువర్ణముఖి:

మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే జబ్బువి. డబ్బు చిక్కు వచ్చిన ఏ సంస్థలోనైనా మూడు జరుగుతాయి. సమాచారం పైన ఇద్దరు ముగ్గురి దగ్గర ఆగిపోతుంది. చిన్న నిర్ణయం కూడా ఓనర్ దాకా వెళ్లి వస్తుంది. మిగిలిన పని, మిగిలిన నింద, ఎప్పుడూ అదే పది మంది మీద పడుతుంది. మనిషికి ఏం జరుగుతుందో తెలియదు, తన చేతిలో ఏమీ ఉండదు, పంపకం న్యాయంగా ఉందనిపించదు. ఈ మూడూ కలిస్తే ఆరోగ్యం దెబ్బతింటుంది. పని ఒత్తిడి ఎక్కువై, దాని మీద అదుపు తక్కువైన ఉద్యోగాలే మనిషిని ఎక్కువ నలిపేస్తాయని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చూపించాడు. ఓడీ పట్టుకునేది సరిగ్గా ఆ తీగనే. పండగ చెయ్యడం, ఆటలాడించడం, గోడ మీద మంచి మాటల పోస్టర్లు అంటించడం దాని పని కాదు. ఓనర్ గారు ఓడీ అంటే అదే అనుకుంటున్నారేమో కనుక్కోండి.

ఇప్పుడు మీ యూనిట్‌కే వద్దాం. చేతులు ఎందుకు కాలుతున్నాయి? నా అంచనా చెబుతాను, మీరు సరిచూసుకోండి. పిక్కని ఆవిరి పట్టాక రాత్రంతా ఆరి చల్లారాలి. ఆర్డరు హఠాత్తుగా వస్తే, "రేపటికి లోడు వెళ్లాలి" అని పైనుంచి ఫోను వస్తే, చల్లారకుండానే కటింగ్‌కి తోసేస్తారు. తొక్కలోని జీడి సొన ఇంకా పలచగా ఉండి చేతుల మీద పడుతుంది, పప్పు తొక్కని వదలదు, బలంగా నొక్కితే బద్దలవుతుంది. గాయం, బద్ద, తగ్గిన కూలి ఒకే కారణానికి పుట్టిన పిల్లలు. పీలింగ్‌లోనూ అంతే. డ్రయర్‌లో పప్పు చాలినంత ఎండకపోతే పొట్టు ఊడదు, కత్తితో గీకుతారు, ముక్కవుతుంది. డ్రయర్ మనిషికి రోజు కూలి కాబట్టి అతనికి నష్టం లేదు. కిలో లెక్కన పొట్టు తీసే ఆవిడకే నష్టం. ఒక సెక్షన్ తొందర ఇంకో సెక్షన్ జేబులోంచి పోతోందన్నమాట. పని నిండుగా ఉన్నప్పుడు ఇది కనబడదు. నాలుగు రోజుల పనిలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది, కోపం అక్కడే పుడుతుంది.

కాబట్టి కొత్త సర్వే జోలికి వెళ్లేముందు మీ దగ్గరున్న పుస్తకాలు తీయండి. హాజరు పట్టీ సెక్షన్ వారీగా. ప్రథమ చికిత్స రిజిస్టరు (చాలా చోట్ల ఖాళీగా ఉంటుంది, అదీ ఒక సమాచారమే). లాటు (ఒక విడత సరుకు) వారీగా గుండు–బద్ద–ముక్క లెక్క. అడ్వాన్సు అడిగినవాళ్ల చీటీలు. మధ్యలో ఇంటికెళ్లిన గేటు పాసులు. ఇవి మూడు నెలలవి పక్కపక్కన పెట్టి, ఏ తేదీన తొందర లోడు వెళ్లిందో ఎర్ర పెన్నుతో గీయండి. గాయాలు, బద్దలు ఆ గీతల చుట్టూ గుమిగూడితే ఓనర్ గారితో మాట్లాడ్డానికి మీకు ఇంకేమీ అక్కర్లేదు. 'గుండు తగ్గితే కిలోకి ఎంత పోతోందో' ఆయనకి మీకన్నా బాగా తెలుసు. ఓడీని ఆయన భాషలో చెప్పడమంటే ఇదే.

ఒక హెచ్చరిక. గైర్హాజరు లెక్క చూసి "బాధ్యత లేదు" అని తేల్చేయకండి. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి తోడు వెళ్లాలి. ఆ రోజులు ముందే తెలిసినవి. మీ నాలుగు పని దినాలు ఏవో వారం ముందు చెబితే ఆవిడ డయాలసిస్ రోజుని వదిలి మిగతావాటికి వస్తుంది. ముందురోజు రాత్రి ఫోన్ చేసి చెబితే రాదు, రాలేదు.

టెక్కలి జంక్షన్:

పైన రాసినవి బాగున్నాయి గానీ నేను కొంచెం అడ్డం తిరుగుతాను. పని నాలుగు రోజులకు దిగిందంటే మూడో వంతు కూలి పోయింది. ఆ ఇంట్లో వడ్డీకి అప్పు మొదలై ఉంటుంది. అలాంటి మనిషిని కూర్చోబెట్టి "మీ పని వాతావరణం ఎలా ఉంది" అని అడిగితే లోపల నవ్వుకుంటుంది. ముందు కూలి, చట్టం సర్దండి. తర్వాత ఓడీ అనండి, ఇంకేదైనా అనండి, మీ ఇష్టం.

నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మీకు తగిలేవి ఇవి. 20 మంది, ఆపైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపు అంతమంది, మొత్తం పది దాటకూడదు, ఆడవాళ్ల ప్రాతినిధ్యం వాళ్ల సంఖ్యకి తగ్గకూడదు. మీ దగ్గర కమిటీలో ఎక్కువమంది ఆడవాళ్లే ఉండాలన్నమాట. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో తేల్చాలి. 100 మంది దాటారు కాబట్టి వర్క్స్ కమిటీ (యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే కమిటీ) వేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం కింద అంతర్గత కమిటీ పదిమంది ఉన్న ప్రతిచోటా తప్పనిసరి. దానికి అధ్యక్షురాలు ఆడమనిషే, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి సభ్యులు ఒకరు.

కూలి సంగతి ఇంకా ముఖ్యం. కిలో లెక్క అయినా కనీస వేతనం కిందకి దిగకూడదు. రోజు లెక్కన కనీస వేతనం ఖరారైన మనిషిని పనికి పిలిచి, పిక్కలు రాలేదని మధ్యాహ్నం పంపేస్తే ఆ రోజు పూర్తి కూలి ఇవ్వాలి. మీ వైపు నుంచి పని లేకపోవడం ఆమె తప్పు కాదు. లేఆఫ్ (పని లేక తాత్కాలికంగా ఆపడం) అయితే, సీజనల్ కాని, 50 మందికి తగ్గని సంస్థలో ఏడాది నిండిన, మస్టర్ రోల్‌లో (యాజమాన్యం హాజరు పుస్తకంలో) పేరున్న కార్మికులకి బేసిక్, డీఏలో సగం పరిహారం. మీది సీజనల్ కిందకి వస్తుందా, మీ ఆడవాళ్ల పేర్లు మస్టర్‌లో ఉన్నాయా, మేస్త్రి నోటుపుస్తకంలోనే ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి. నోటుపుస్తకంలోనే ఉంటే మీ ఓడీ అక్కడే మొదలవ్వాలి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉంటే, పనిలో దెబ్బ తగిలి మూడు రోజులు, ఆపైన రాలేకపోయినవాళ్లకి సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. ప్రమాదం రిపోర్టు రాయకపోతే అదీ పోతుంది. చేయి కాలితే కొబ్బరినూనె రాసి ఇంటికి పంపడం చాలా చోట్ల అలవాటు.

బొబ్బిలివీణ:

టెక్కలి గారి మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటూనే, ఆ రెండూ వేరు కాదంటాను. ఓడీకి రిచర్డ్ బెకార్డ్ అనే నిపుణుడు 1969లో ఇచ్చిన నిర్వచనాన్ని తెలుగులో చెప్పుకుంటే: ప్రణాళికతో, సంస్థ మొత్తానికి, పైస్థాయి పూనికతో, సంస్థ పనితనాన్నీ ఆరోగ్యాన్నీ పెంచడానికి చేసే ప్రయత్నం. ఆరోగ్యం అన్నది ఆ నిర్వచనంలోనే ఉంది, ఎవరో తర్వాత అతికించింది కాదు.

సువర్ణముఖి గారు చెప్పిన 'ఒక సెక్షన్ తొందర ఇంకో సెక్షన్ జేబులోంచి' అన్నది ఈ శాస్త్రంలో బాగా పాత కథ. ఇంగ్లండ్ బొగ్గు గనుల మీద ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే పరిశోధకులు 1951లో రాసినది అదే. అంతకుముందు చిన్న జట్లు తవ్వడం నుంచి ఎత్తిపోయడం దాకా మొత్తం తామే చేసుకునేవి. యంత్రాలొచ్చాక పనిని మూడు షిఫ్టులుగా, ముక్కలు ముక్కలుగా విడగొట్టారు. ముందు షిఫ్టు వదిలిన లోపం తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది, ఒకరి మీద ఒకరు నేరం మోపుకునేవారు, గైర్హాజరు పెరిగింది. యంత్రం మంచిదే, మనుషుల అమరిక చెడింది. మన దేశంలో ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో, ఎవరి పని వారిదిగా ఉన్న మనుషుల్ని చిన్న జట్లుగా కూర్చి, ఒక్కో జట్టుకి కొన్ని మగ్గాలు మొత్తంగా అప్పజెప్పాడు. ఉత్పత్తి పెరిగింది, బట్టలో లోపాలు తగ్గాయి.

మీకు దీన్నుంచి పనికొచ్చేది: కటింగ్ నుంచి పీలింగ్ దాకా ఒక లాటుకి ఒక జట్టు. సెక్షన్ గోడలు కూల్చక్కర్లేదు. ప్రతి లాటుతో ఒక చీటీ నడిస్తే చాలు. ఆవిరి ఎప్పుడు ఆపారు, కటింగ్‌కి ఎప్పుడు ఇచ్చారు, డ్రయర్‌లోంచి ఎప్పుడు తీశారు, తేమ ఎంత, ఎవరు ఒప్పుకుని తీసుకున్నారు. ఆ 'ఒప్పుకుని' అన్నచోటే అసలు మార్పు ఉంది. చల్లారని లాటుని కటింగ్ మేస్త్రి "తీసుకోను" అని వెనక్కి పంపగలగాలి, పంపినందుకు ఎవరూ తిట్టకూడదు. ఈ ఒక్క హక్కు ఇవ్వడానికి ఓనర్ గారు ఒప్పుకుంటారా అని అడగండి. ఆయన జవాబుని బట్టి మీ యూనిట్ ఎంత ఆరోగ్యంగా ఉందో తెలిసిపోతుంది.

ఇంకొకటి. గాయాల రిజిస్టరు తెరిచి నిజం రాయడం మొదలెడితే మొదటి నెల లెక్క పెరుగుతుంది. కంగారు పడొద్దు. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు చూసిన ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలికి, బాగా నడిచే జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనబడింది. అవి ఎక్కువ తప్పులు చేసి కాదు, చెప్పుకోవడానికి భయం లేక. తర్వాత 1999లో ఆవిడ రాసిన 'మానసిక భద్రత' అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. లెక్క పెరిగింది కదా అని ఎవరినైనా పిలిచి గద్దిస్తే రెండో నెల సున్నా వస్తుంది. ఆ సున్నాని నమ్మకండి.

విజయనగరం వైపు జూట్ మిల్లులు మూయడం, తెరవడం చూసినవాళ్లకి తెలుసు, గేటుకి నోటీసు అంటించే రోజు కన్నా చాలా ముందే లోపల మాటలు ఆగిపోతాయి.

పిక్కలబస్తా:

అందరికీ చాలా థాంక్స్. మస్టర్ సంగతి టెక్కలి గారు కరెక్టుగా పట్టుకున్నారు, కొంతమంది పేర్లు లేవు, అది ముందు సరిచేయిస్తాను. లాటు చీటీ కూడా నచ్చింది. రెండు అనుమానాలు. ఆడవాళ్లలో చాలామంది చదవలేరు, ఫోన్‌లో ఫారం నింపమనడం కుదరదు. వాళ్ల మాట బయటికి ఎలా తేవాలి? రెండోది, నేను నేరుగా వాళ్లతో మాట్లాడితే మేస్త్రులు, సూపర్‌వైజర్లు మొహం మాడ్చుకుంటున్నారు.

నారాయణపురం ఆనకట్ట:

రెండో అనుమానం ముందు తీసుకుంటాను, ఎందుకంటే చాలా చోట్ల మొత్తం వ్యవహారం మునిగేది అక్కడే.

సంక్షోభంలో మొదట విరిగేది నడుం. అంటే మేస్త్రి, సూపర్‌వైజర్. పైనుంచి "లోడు ఎప్పుడు?", కిందనుంచి "పని ఎప్పుడు?". రెండింటికీ ఆయన దగ్గర జవాబు లేదు, అయినా రోజంతా ఆ రెండింటి మధ్యే నిలబడాలి. మీరు ఆయన్ని దాటి కిందకి వెళ్లారంటే ఆయన చేతిలో ఉన్న ఆ కాస్త పరువూ పోయింది. అందుకని మొదటి సమావేశం వాళ్లతోనే పెట్టండి. గంటన్నర చాలు. ఓనర్ గారు మొదటి పావుగంట ఉండి, ఇంకో ఆరు వారాలకి పని ఎలా ఉండబోతోందో తనకి తెలిసింది తెలిసినట్టు చెప్పి వెళ్లిపోవాలి. తర్వాత వాళ్లని మూడే అడగండి: ఏ నిర్ణయం కోసం మీరు ఊరికే ఎదురుచూస్తున్నారు? ఏ నిర్ణయం మీకు చెప్పకుండా జరిగిపోతోంది? మీ చేతిలో పెడితే ఏది ఈ రోజే సర్దగలరు?

జవాబుల్ని ఒక చార్టు మీద రాయండి. ఎడమ పక్క నిర్ణయం, కుడి పక్క ఎవరిది. "లాటు వెనక్కి పంపడం: కటింగ్ మేస్త్రి." "వచ్చే వారం పని రోజులు చెప్పడం: ప్రొడక్షన్ సూపర్‌వైజర్, గురువారం లోపు." "500 రూపాయల దాకా అడ్వాన్సు: సూపర్‌వైజర్, ఓనర్‌ని అడగకుండా." పది పన్నెండు గీతలు దాటితే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక్కో నిర్ణయానికి ఒక్క పేరే. రెండు పేర్లు రాస్తే అది ఎవరిదీ కాదు.

ఇక చదవనివాళ్ల మాట. దీనికి మంచి పద్ధతి చింతపిక్కలు. మూడు డబ్బాలు, మూతకి చెయ్యి పట్టేంత చిల్లు. ఒకదాని మీద నవ్వు మొహం, ఒకదాని మీద మామూలు మొహం, ఒకదాని మీద ఏడుపు మొహం. తెర వెనక బల్ల మీద పెట్టండి. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్నకి ఒక చింతపిక్క. ప్రశ్న మీ మనిషి గట్టిగా చదవాలి, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వెయ్యాలి. ప్రశ్నలు ఐదుకి మించొద్దు, ప్రతిదీ వాళ్ల మాటలో ఉండాలి. "లాట్లు సమానంగా పంచుతున్నారా?" "వచ్చే వారం పని ఉందో లేదో మీకు ముందే తెలుస్తోందా?" "దెబ్బ తగిలితే చెప్పడానికి భయం ఉందా?" ఇలా. భయం ప్రశ్నకి నవ్వు మొహం అంటే భయం లేదని, అని ముందే వివరించాలి, లేకపోతే లెక్క తలకిందులవుతుంది. ఒక ప్రశ్న అయ్యాక అందరి ముందూ డబ్బాలు బోర్లించి లెక్కపెట్టి బోర్డు మీద రాయండి. దాచి లోపలికి తీసుకెళ్లి లెక్కపెడితే ఎవరూ నమ్మరు. సెక్షన్ వారీగా వేయించొచ్చు గానీ, ఎనిమిది మందికి తక్కువున్న సెక్షన్‌ని ఇంకోదాంతో కలిపెయ్యండి. ముగ్గురున్న చోట ఏడుపు డబ్బాలో పిక్క ఎవరిదో కనిపెట్టడం ఎంతసేపు?

పిక్కలు ఎంత మంది బాధలో ఉన్నారో చెబుతాయి, ఎందుకో చెప్పవు. అందుకని మర్నాడు ఆరుగురు ఏడుగురు చొప్పున గుంపులుగా కూర్చోబెట్టండి, ముప్పావు గంట, పని గంటల్లోనే, ఆ సేపటికి కూలి కట్టి. కూలి కట్టకుండా పిలిస్తే మీరు వాళ్ల సంపాదన తిని వాళ్ల బాగు అడిగినట్టవుతుంది. మేస్త్రి ఉండకూడదు. అడిగేది ఆడమనిషి అయితే మంచిది. రాసుకునేటప్పుడు పేర్లు వద్దు. చాలా వరకు మీకు వినబడేది లాట్ల గొడవే. "ఆళ్లకి మంచి లాటు, మాకు పిందెలు" అంటారు. పెద్ద పిక్క పడినవాళ్లకి కిలోలు తొందరగా తెగుతాయి, చిన్న పిక్క పడితే రోజంతా గుంజినా కూలి రాదు. పని నిండుగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. నాలుగు రోజుల పనిలో, లాటు పంచే మేస్త్రి చెయ్యి దేవుడి చెయ్యంత అవుతుంది. దీనికి మందు తేలిక. లాట్లని పెద్ద, మధ్య, చిన్న అని విడదీసి వంతులు వేసి, ఆ వంతుల పట్టీ గోడ మీద అంటించండి. చదవలేనివాళ్ల కోసం జట్టుకో రంగు. మేస్త్రికి కూడా హాయి, తన మీద నింద పోతుంది. చిన్న పిక్కకి కిలో రేటు కొంచెం ఎక్కువ పెట్టడం ఇంకా న్యాయం, గానీ అది ఓనర్ గారు ఒప్పుకోవాలి.

అడిగిన పది రోజుల్లోపు జవాబు తిరిగి వాళ్లకి చెప్పాలి. ఓనర్‌కి రిపోర్టు ఇచ్చి ఊరుకోవడం అన్నది ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నేరం. చెప్పేటప్పుడు మూడు గుట్టలు చెయ్యండి: ఈ వారం చేసేవి, ఈ నెలాఖరుకి చేసేవి, చేయలేనివి. చేయలేనివాటికి కారణం మొహం చూసి చెప్పండి. "రేటు పెంచలేం, ఎందుకంటే ఇదిగో" అంటే జనం తిట్టుకుంటారు గానీ నమ్ముతారు. అడిగి జవాబు చెప్పకపోతే అడగనిదానికన్నా అధ్వానం. రెండోసారి చింతపిక్కలు ఇస్తే జేబులో వేసుకుని వెళ్లిపోతారు.

సిరిమాను:

మంచి చర్చ. రెండు మాటలు చేరుస్తాను.

పుకారు గురించి. "మూసెత్తారంట" అన్నదాన్ని ఖండిస్తే పెరుగుతుంది. ప్రతిరోజూ ఒకే టైముకి, ఒకే మనిషి, షిఫ్టు మొదట్లో పది నిమిషాలు. చెప్పేది మూడు వరసల్లో: మాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, తెలియనిదాని గురించి మళ్లీ ఫలానా రోజు చెబుతాం. కొత్త సంగతి లేకపోయినా "ఈ రోజు కొత్తది లేదు" అని చెప్పడానికైనా రావాలి. ఒక్క రోజు ఎగ్గొడితే ఆ రోజే ఏదో జరిగిందని ఊరంతా పాకుతుంది. రాత్రి పదకొండుకి వాట్సాప్ గ్రూపులో ఓనర్ పెట్టే సందేశాలు ఆపించండి. అందులో సగం సూపర్‌వైజర్ల నిద్ర తినడానికే పనికొస్తాయి. ఒక హద్దు పెట్టుకోండి, సాయంత్రం ఏడు తర్వాత మంట, ప్రమాదం తప్ప ఏదీ పంపకూడదని.

రెండోది తుఫాను. మీ ఊళ్లో సంక్షోభం అంటే ఆర్డర్లు ఒక్కటే కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, కరెంటు చాలా రోజులు లేదు. అలాంటప్పుడు యూనిట్ ఎలా ఉంటుందన్నది ఈ రోజు మీరు వేసే చార్టుని బట్టే ఉంటుంది. ఆ నిర్ణయాల పట్టీలో ఇంకో నాలుగు గీతలు చేర్చండి: హెచ్చరిక వస్తే పని ఆపేది ఎవరు (ఓనర్ ఊళ్లో లేకపోయినా), సెక్షన్‌లో ఎవరు క్షేమమో కనుక్కునేది ఎవరు, బాయిలర్ ఆపి లాట్లు ఎత్తులోకి మార్చేది ఎవరు, ఫోన్లు పనిచెయ్యకపోతే ఎక్కడ కలుసుకోవాలి. ఊరి వారీగా పేర్ల పట్టీ కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో ఉంటే ఛార్జింగ్ అయిపోతుంది. తుఫాను తర్వాత మొదటి రోజు ఉత్పత్తి అడగొద్దు. ఎవరి ఇల్లు పోయింది, ఎవరికి అడ్వాన్సు కావాలి, ఇది మాత్రమే. వచ్చినవాళ్లకి సగం రోజు శుభ్రం చేసే పని, పూర్తి కూలి.

ఒక్కో మనిషికి ఓడీ చాలదు, అదీ గుర్తుపెట్టుకోవాలి. నిద్ర లేకపోవడం, ఏడుపు, చచ్చిపోవాలన్న మాటలు వస్తే అది మీటింగులో తేలేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ టైములోనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు లేదు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు టాయిలెట్ తలుపు లోపలి వైపు అంటించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఎవరూ ఆ నంబరు రాసుకోరు. అదే సమయంలో కౌన్సెలింగ్ నంబరు ఇచ్చి చేతులు దులుపుకోవడం కూడా మోసమే. పని వల్ల మనసు దెబ్బతినకుండా ఉండాలంటే మొదట పని పరిస్థితుల్నే సర్దాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా సిఫారసు చేశాయి, సూపర్‌వైజర్లకి శిక్షణతో సహా.

పిక్కలబస్తా:

ఓనర్ గారికి ఎర్ర పెన్ను గీతల కాగితం చూపించాను. ఏమీ అనలేదు, కాగితం మాత్రం దగ్గర పెట్టుకున్నారు. మేస్త్రుల మీటింగ్‌కి ఒప్పుకున్నారు. ఒకటే సందేహం మిగిలింది. ఒకేసారి ఎన్ని మొదలెట్టాలి? ఆరు వారాల తర్వాత పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

సువర్ణముఖి:

మూడు, అంతకు మించొద్దు. మీకైతే లాటు చీటీ, లాట్ల వంతుల పట్టీ, వారం పని రోజులు గురువారానికే చెప్పడం. రోజూ పది నిమిషాల మాట వీటిలో లెక్క కాదు, అది ఊపిరి లాంటిది. అవసరమే గదా అని పది మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మేస్త్రులకి ఊపిరాడదు.

ముందే ఐదు అంకెలు రాసి పెట్టుకోండి: పని ఉన్న రోజు హాజరు, గాయాలు, గుండు శాతం, వెనక్కి పంపిన లాట్లు, అడ్వాన్సు చీటీలు. ప్రతి శనివారం అవే ఐదు. వెనక్కి పంపిన లాట్లు సున్నా వస్తే మంచి సంగతి అనుకోకండి, మేస్త్రి ఇంకా భయపడుతున్నాడని అర్థం. మూడో వారానికి రెండు మూడు వెనక్కి వచ్చి, ఐదో వారానికి తగ్గితే బాయిలింగ్ వాళ్లు ఆగడం నేర్చుకున్నారన్నమాట.

ప్రతి తొందర లోడు వెళ్లిన మర్నాడు ఇరవై నిమిషాలు, నిలబడే, ఆ లాటు ముట్టుకున్న అందరితో నాలుగు ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, వచ్చేసారి ఏం మారుస్తాం. "ఎవరు చేశారు" అన్న ప్రశ్న ఆ నాలుగులో లేదు. ఓనర్ గారు వస్తే ఆఖర్న మాట్లాడాలి. ఆయన మొదట మాట్లాడితే మిగతా అందరూ ఆయన చెప్పిందే తిప్పి చెబుతారు, మీ ఇరవై నిమిషాలూ దండగ.

ఆరు వారాలయ్యాక చింతపిక్కలు మళ్లీ వేయించండి, అవే ప్రశ్నలు, అవే డబ్బాలు, మాట ఒక్కటీ మార్చకుండా. పాత బోర్డు ఫోటో పక్కన పెట్టి లెక్కపెట్టండి. మొదటి మీటింగులో గట్టిగా మాట్లాడిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకి ఈ ఆరు వారాల్లో పని రోజులు తగ్గాయేమో హాజరు పట్టీలో మీరే స్వయంగా చూడండి. తగ్గి ఉంటే మిగతా ఐదు అంకెలు ఎంత బాగున్నా ఆ సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే మిగతా 137 మందీ చూస్తున్నది వాళ్లనే.

టెక్కలి జంక్షన్:

మస్టర్‌లో పేర్లు ఎక్కించాక ఇక్కడ ఒక మాట రాయండి.

పిక్కలబస్తా:

తప్పకుండా అన్నయ్యా. సోమవారం ఫారాలు తీస్తున్నాం.